బోణీ కాని పొద్దు

ఏటూరునాగారం,
దీపావళి వెళ్ళిన వారం.

వదినెకు,

ఎప్పటిలాగా 'యమునా' అని మొదలుపెట్టడం లేదు. ఈ ఉత్తరం నీ యూనివర్సిటీ హాస్టల్ రూమ్మేటు రాయడం లేదు, నీ ఆడబిడ్డ రాస్తోంది. కాబట్టి కొంచెం భయపడుతూ చదువు.

నిన్న పొద్దున అమ్మ ఫోన్ చేసింది. మా గురుకులంలో సిగ్నల్ దొరికేది నీళ్ల ట్యాంకు మెట్ల మీదనే. కింద పిల్లలు ప్రార్థనకు వరస కడుతున్నారు, పైన నేను తిట్లు తింటున్నాను. తిట్లు నీకే, వినడం మాత్రం నా వంతు.

"నీ దోస్తని చెప్పి మీ అన్నకు చేసుకుంటిమి. నువ్వే వచ్చి లేపిపో. ఎండ గోడ దిగినా మంచం దిగుతలేదు. గోడ దిక్కు మొహం పెట్టి పంటది. పిలిస్తే ఊకొట్టది. మీ అన్న ఒక్కడే పొయ్యి షట్టర్ లేపుతాండు. అడిగెటోళ్లకు నేనేం చెప్పాలె?"

"ఒంట్లో బాగలేదేమోనే" అన్నాను.

"ఒంట్లకేమైంది? పొద్దుగూకితే నాకంటె హుషారు. కోడలు కాదు, నాటకాల కంపెనీ."

నాటకం అన్న మాట నాకు నచ్చలేదు. నచ్చలేదని అమ్మతో అన్నానా అంటే, అనలేదు.

బోణీ సంగతి నీకు నేను గుర్తుచెయ్యాలా? కొత్తకోడలివై వచ్చిన మొదటి పొద్దున నాన్న నిన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టాడు. ఆ పూటే ఎవరో పెండ్లివారు వచ్చి బిందెల నుంచి గంగాళం దాకా ఇత్తడి సామానంతా మన దగ్గరే తీసుకున్నారు. అప్పటి నుంచి మన దుకాణంలో మొదటి బేరం నీ చేతి మీదనే. మొదటి డబ్బు నువ్వు అందుకొని, కండ్లకద్దుకొని గల్లాలో వేస్తేనే అన్న చాయ్ ముట్టేది. పక్క దుకాణం వెంకట్రాజం మామ అయితే తన షట్టర్ ఎత్తకముందే మన మెట్ల మీద నిలబడేవాడు, "యమునమ్మా, నీ చేత్తోని ఒక్క రూపాయి ఇయ్యి తల్లీ" అని. ఇప్పుడు ఆయన గల్లా వైపు ఒకసారి చూసి ఉత్తచేతులతో తిరిగిపోతున్నాడట.

నాకు ఇట్లాంటి నమ్మకాలు లేవని అందరికీ చెప్పుకుంటాను. మరి అమ్మ ఆ మాట చెబుతుంటే నా గుండె ఎందుకు ఝల్లుమంది? తెలియదు.

అన్నతో గొడవైందా? మీ బిడ్డ శ్రావణి హైదరాబాదు హాస్టల్‌కు పోయిందని బెంగనా? ఫోన్లో అడుగుదామంటే స్పీకర్ పెట్టించి అమ్మ పక్కనే కూర్చుంటుంది. అందుకే మన పాత పద్ధతి. నిజం రాయి.

శ్రీలత


వరంగల్,
దీపం పెట్టినంక.

మహారాజశ్రీ ఆడబిడ్డ గారి సముఖమునకు,

తమరి సమన్లు అందినయి. ముద్దాయి తలవంచుకొని బోనుల నిలబడ్డది. నేరం: పొద్దున్నే లేవకపోవుడు. సాక్షి: సమ్మమ్మ గారు, నా అత్త, మీ తల్లి. ఈ సాక్షిని ఏ వకీలూ అడ్డం అడగలేడు, నీకు తెలుసు.

అబ్బా లతా, ఎందుకింత ఫికర్? నేను మంచిగున్న. ఇయ్యాల సర్వపిండి చేసిన. వెంకట్రాజం మామకు పంపితే గిన్నె అడుగు గీకి, ఖాళీ గిన్నె పట్టుకొని మళ్ల వచ్చిండు. అత్తమ్మ, నేను భవాని పెండ్లిచూపుల కథ విని కడుపులు పట్టుకొని నవ్వినం. భవాని అంటే మా పనిపిల్ల. పిల్లగాడు చాయ్‌ల బిస్కెట్ ముంచి, అది విరిగి పడిపోతే ఏడుపు మొహం పెట్టిండట. "గంత దానికే ఏడ్సెటోడు నన్నేం సాకుతడమ్మా" అని వద్దన్నది.

డాక్టర్ కాడికి కూడ పోయినం, నువ్వు అడుగుతవని ముందే చెప్తున్న. మీ అన్న దుకాణం బంద్ చేసినంక తీసుకపోయిండు. డాక్టర్ సాబ్ నన్ను చూసుడుతోనే, "మీ దుకాణంల ఇడ్లీ కుక్కర్ ఏది మంచిదమ్మా?" అన్నడు. చెప్పిన. అడుగు మందముంటదా అన్నడు. ఉంటది గని మీ ఇంటామె చేతికి బరువైతది అన్న. ఇద్దరం నవ్వినం. "ఈమెకు ఏ రోగం లేదు రాంచందర్, జర నీ మొహమే బాగలేదు" అని, రక్తం తక్కువకు గోళీలు రాసిచ్చిండు.

పొద్దున పోవాల్నంటవా? దుకాణమోళ్లం. బోణీ కాకముందు దవాఖానకు ఎవరన్న పోతరా? పొద్దున్నే షట్టర్ మూసి ఉంటే బజారంతా ఆ ఇంట్ల ఎవరో పోయిన్లనుకుంటది.

శ్రావణి బాగనే ఉన్నది. అది పోయిందని బెంగ లేదు. పోయినేడు మా అమ్మ పోయిందని కూడ కాదు. వాటికి ఏడుపొస్తది గద. దీనికి ఏడుపు కూడ రాదు.

'దీనికి' అని రాసిన. దేనికని అడుగకు. వయసు లతా, వయసు. మోకాళ్లు మొరాయిస్తయి, మనిషి కూడ మొరాయిస్తది.

శిక్ష ఏదైనా శిరసావహిస్త.

నీ వదినె, నీ యమున


ఏటూరునాగారం,
కార్తీక పౌర్ణమి.

యమునా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. స్టాఫ్ రూంలో భవాని బిస్కెట్ కథ చదివి వినిపించాను కూడా. తర్వాత గదికి వచ్చి రెండోసారి చదివితే భయమేసింది.

అమ్మ చెప్పే యమునా, ఈ ఉత్తరంలో ఉన్న యమునా ఒక్క మనిషి కాదు. ఇద్దరిలో ఒకరు అబద్ధమై ఉండాలి అనుకున్నాను మొదట. అమ్మ ఎక్కువ చేసి చెబుతోందా? నువ్వు దాస్తున్నావా? అటు కొంతసేపు, ఇటు కొంతసేపు ఊగాను. అమ్మ కోపిష్టి, కానీ అబద్ధాలకోరు కాదు. నువ్వు దాచగలవు కానీ ఇంత నవ్వును కల్పించలేవు.

అప్పుడు పాత ఉత్తరాలు తీశాను. 'దీపం పెట్టినంక.' 'టీవీ వార్తలైనంక.' 'మీ అన్న దుకాణం కట్టే వేళ.' యమునా, ఈ ఏడాదిలో నువ్వు నాకు ఒక్క ఉత్తరమూ పొద్దున రాయలేదు. హాస్టల్లో నువ్వు కోడి కంటే ముందు లేచి, నా దుప్పటి లాగేసి, మెస్‌లో మొదటి చాయ్ మనదే కావాలని ఈడ్చుకుపోయేదానివి. ఆ మనిషి ఎప్పుడు సాయంత్రం మనిషి అయ్యింది?

అన్న నిన్ను సాయంత్రం చూస్తాడు. డాక్టర్ సాయంత్రమే చూశాడు. నేను సాయంత్రాలే చదువుతున్నాను. పొద్దున నిన్ను చూసేది అమ్మ ఒక్కతే, ఆమెకు అది నాటకంలా కనిపిస్తోంది.

నాది అతి ఆలోచన కావచ్చు. నేను దేన్నయినా ఇట్లా పీకి పీకి చూస్తానని నువ్వే అంటావు. అయినా ఒక్కటి అడుగుతాను, కాదనకు. ఒక్క ఉత్తరం పొద్దున రాయి. కన్ను తెరిచాక, మొహం కడగకముందు. ఎట్లుంటే అట్ల. బాగా రాయాల్సిన పని లేదు, నన్ను నవ్వించాల్సిన పని అసలే లేదు. దిద్దకుండా పోస్ట్ చెయ్యి.

మాట ఇచ్చినట్టే అనుకుంటున్నాను.

లత


వరంగల్,
పొద్దున.

లతా

రాయమన్నవ్. రాస్తాన.

పెన్ను అందుకొనుడుకే ఇంతసేపు పట్టింది. టేబులు మంచం పక్కనే ఉన్నది.

మసీదుల అజాఁ వినవడకముందే కన్ను తెరుచుకుంటది. మళ్ల మూతపడది. రొమ్ము మీద ఎవరో తడిసిన బస్తా పెట్టి పోయినట్టు. లేవాలె. కాళ్లు కింద పెట్టాలె. పండ్లు తోముకోవాలె. ఒక్కొక్కటి గుట్ట.

కింద షట్టర్ లేస్తది. మీ అన్న కొంచెం ఎత్తి ఆగుతడు. నా కోసం. మళ్ల ఎత్తుతడు. ఆ ఆగుడు వింట. పోను. అత్తమ్మ తలుపు కాడికి వచ్చి చూసి పోతది.

గల్లా కాడ కూసుంటే నవ్వాలె. నవ్వు ఎక్కడికెల్లి తేవాలె.

నేను లేకుంటే అందరికి అల్కగ ఉంటదనిపిస్తది. శ్రావణికి కూడ.

డాబా మీద బట్టలు ఆరేసుడు బంద్ పెట్టిన. భవానిని పంపుతాన. ఎందుకని అడుగకు. నేను పోవద్దు, అంతే.

ఇగ చాతనైతలేదు

*

సాయంత్రం. పైది ఇప్పుడు చదివిన. నా అక్షరాలేనా ఇవి? చింపుదామని పట్టుకున్న. మాట ఇచ్చినట్టే అన్నవ్, అందుకే దిద్దకుండా పంపుతున్న. పట్టించుకోకు. ఇప్పుడు నేను మంచిగనే ఉన్న. అత్తమ్మ సీరియల్ చూసుకుంట విలన్‌ను తిడుతాంది, నేను పక్కన కూసొని రాస్తాన.

మీ అన్నకు మాత్రం చెప్పకు. చెప్తే మన దోస్తానా కటీఫ్. ఉత్తమాట కాదు.


పస్రా దాటినంక, బస్సులో.

యమునా,

ఈ ఉత్తరం పోస్ట్ చెయ్యడం లేదు. నా చేత్తో నీ చేతికి ఇస్తాను. ఎదురుగా కూర్చుంటే నువ్వు నవ్విస్తావు, నేను నవ్వేస్తాను, అడగాల్సింది అడగకుండానే తెల్లారుతుంది. అందుకని రాసి తెస్తున్నాను. బస్సు కుదుపులకు అక్షరాలు వంకర పోతున్నాయి, సర్దుకో.

నీ ఉత్తరం అందగానే ట్యాంకు మెట్లెక్కి అన్నకు ఫోన్ చేశాను. నువ్వు వద్దన్నావని తెలిసే చేశాను. "రాత్రే గద నవ్వుకుంట అన్నం పెట్టింది! నీకేమైందే, అడవిల ఉండుకుంట గట్లనిపిస్తాంది" అన్నాడు. వెనుక నుంచి నీ నవ్వు కూడా వినిపించింది. ఆ నవ్వు విన్నాక ఒక్క క్షణం నేనూ అన్న మాట నమ్మబోయాను. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నీ అక్షరాలు చేతిలో పెట్టుకొని కూడా నీ నవ్వునే నమ్మబోయాను.

మా పిల్లల కోసం నెలకోసారి వచ్చే డాక్టరమ్మ ఉంది, మనసు జబ్బుల డాక్టరు. నీ పేరు చెప్పకుండా ఆమెకూ ఫోన్ చేసి అడిగాను. మన ఒంట్లో ఒక గడియారం ఉంటుందట. తెల్లవారే ముందు అదే మనల్ని లేపడానికి ఒంట్లో ఏవేవో హార్మోన్లు పెంచుతుంది. డిప్రెషన్ వచ్చిన కొందరిలో ఆ గడియారం లయ తప్పుతుందట. చీకటితోనే మెలకువ, మెలకువతోపాటే బరువు, పొద్దెక్కిన కొద్దీ తేలిక. సాయంత్రానికి మామూలు మనిషి. అందుకే ఇంట్లోవాళ్లు బద్ధకమనో నాటకమనో అనుకుంటారట. "మీరేమనుకున్నారు?" అని అడిగింది. 

ఎందుకొస్తుంది అంటే ఒక్క కారణం చెప్పలేనంది. నిద్ర చెడినా, థైరాయిడ్ తేడా చేసినా, నెలసరి ఆగిపోయే వయసులో, దగ్గరివాళ్లు పోయాక. అన్నీ కలిసి కూడా కావచ్చు, ఇవేవీ కాకపోనూ వచ్చు, పరీక్ష చెయ్యాలి అంది. ఒకే వేళకు పడుకోవడం, లేవగానే ఎండలోకి రావడం, పొద్దటి పనులు సాయంత్రమే సగం చేసిపెట్టుకోవడం, పక్కన ఒక మనిషి ఉండడం, ఇట్లా చెప్పుకుపోతోంది. నేను మధ్యలో డాబా మాట చెప్పాను. "ముందు ఆమెను ఒంటరిగా వదలకండి. డాక్టర్‌కు చూపించండి, పొద్దునే చూపించండి. మిగతావన్నీ తర్వాత" అంది.

ఇప్పుడు అడుగుతున్నాను. చచ్చిపోవాలని అనిపిస్తోందా, యమునా? మాట మార్చకుండా చెప్పు. అనిపిస్తోందంటే నేను నిన్ను తక్కువ చెయ్యను, ఏడవను కూడా. ఏడుస్తానేమో. అయినా చెప్పు.

ఇంకోటి. రేపు పొద్దున నేను నీ గదిలో ఉంటాను. అన్ననూ పిలుస్తాను. దోస్తానా కటీఫ్ అన్నావు. చాలాసేపు ఆలోచించాను, ఇట్లా నీ మాట కాదని చెయ్యొచ్చా అని. తేలలేదు. తేలకముందే బస్సెక్కాను.

ములుగు వచ్చింది. చీకటి పడుతోంది, అక్షరాలు కనబడటం లేదు.

లత


వరంగల్,
పొద్దున.

శ్రీలత గారికి,

'గారు' కావాలనే పెట్టిన.

నువ్వు వచ్చి పోయి వారం దాటింది. ఫోన్ చేస్తే ఎత్తుతలేనని అత్తమ్మకు చెప్పినవట. ఎత్తను. రాసే పని ఉన్నది గనుక రాస్తాన.

నీ ఉత్తరం చేతిల పెట్టి నా పక్కనే పన్నవ్. తెల్లారి నేను గోడ దిక్కు తిరిగి ఉంటే వీపు మీద చెయ్యి పెట్టినవ్. అందాక మంచిదే. మీ అన్నను ఎందుకు పిలుచుకొచ్చినవ్? దువ్వని తల, పాసిమొహం, మాట రాని నోరు. ఇన్నేండ్లల్ల ఆయన నన్ను అట్ల చూడలేదు. ఆయన షట్టర్ తాళాలు పట్టుకొని నిలబడ్డడు. ఆయన ముందటనే అడిగినవ్, నీ ఉత్తరంల అడిగిన మాట. అబద్ధమాడే ఓపిక లేక తల ఊపిన. తాళాలు కింద పడ్డయి. ఆ చప్పుడు ఇంకా నా చెవులల్ల ఉన్నది లతా.

ఆయన మంచం కోడు కాడ కూలబడి లేవలేదు. షట్టర్ లేవలేదు. తర్వాత జరిగింది నువ్వు చూసినవ్ గని మళ్ల రాస్త, ఎందుకంటే నాకది మరుపుకొస్తలేదు. బజార్ల మాట పాకింది, రాంచందర్ దుకాణం తియ్యలేదట, ముసలమ్మ పోయినట్టున్నది అని. వెంకట్రాజం మామ తెల్లతువ్వాల మెడకేసుకొని, పూలదండ పట్టుకొని మెట్లెక్కిండు. తలుపు తీసింది ఎవరు? అత్తమ్మ.

"వదినే... నువ్వున్నవా?"

"ఉన్ననయ్యా. నాకే తెచ్చినవా ఏంది? ఇటియ్యి, దేవునికేస్త."

ఆ పూట నవ్వింది ఒక్క భవానే. దాన్ని కూడ అత్తమ్మ గుడ్లురిమి చూసింది.

ఆటోల నన్ను మీ ఇద్దరి మధ్యల కూసోబెట్టి హన్మకొండకు తీసుకపోయిన్లు, మాక్సీ మీద శాలువ కప్పి. అక్కడి మనసు డాక్టరమ్మ ఇడ్లీ కుక్కర్ గురించి అడుగలేదు. నేను నోరు తెరిచేదాక ఊకె కూసున్నది. చెప్పిన. అన్నీ చెప్పిన. మందు రాసింది, గుణం కనబడనీకె కొన్ని వారాలు పట్టొచ్చు, నడుమ బంద్ చెయ్యొద్దు, ఆలోచనలు ఎక్కువైతే ఏ వేళైనా రావాలె అన్నది. రక్తం తీసుకున్నది. అదంతా సరే.

ఇప్పుడు వినుండ్రి గారూ. అత్తమ్మ డాబా తలుపుకు తాళమేసింది. తాళంచెవి నడుముకు కట్టుకున్నది. ఆమె ఏ గదిలకు పోయినా గలగల. నేను బాత్రూంకు పోతే భవాని బయట నిలబడి పాట పాడుతది, నిలబడ్డట్టు తెల్వొద్దని. కిటికీలకెల్లి చూస్తే వెంకట్రాజం మామ తల దించుకొని పోతాండు. ఆయన ఇప్పుడు నా చేతి రూపాయి అడుగడు. ఎట్లడుగుతడు? చావాలనుకున్న చెయ్యి గద.

ఎంఎస్సీ బాటనీ ఫస్ట్ క్లాస్. ఈ ఇంట్ల, ఈ బజార్ల నాకున్న విలువ ఒక్క రూపాయిబిళ్ల. నవ్వుకుంట అది చేతిల పెడితే యమునమ్మ లచ్చిమి. ఆ ఒక్కటి పోతదనే నేను పండ్లు బిగవట్టి దాచిన. నువ్వు తాళాలు పట్టుకున్న మనిషిని పిలుచుకొచ్చి అది తీసేసినవ్.

జవాబు రాయకు.

యమున


ఏటూరునాగారం,
డిసెంబరు, బాగా చలి.

యమునకు,

జవాబు రాయకన్నావు. నీ మాట కాదనడం అలవాటైపోయింది, ఇదీ అందులో వేసుకో.

క్షమించమని రాయబోయి ఆగాను. అన్నను పిలిచినందుకు క్షమించమంటే, మళ్లీ అట్లాంటి పొద్దున వస్తే పిలవనని అర్థం. పిలుస్తాను. కానీ ఆ ప్రశ్నను ఆయన ముందు, నువ్వు ఆ తీరుగా ఉన్నప్పుడు అడగకుండా ఉండాల్సిందేమో. ముందు నీ ఒక్కదాన్నే అడిగి, నీ చేత చెప్పించాల్సిందేమో. ఇంకో దారి ఉండే ఉంటుంది. ఆ పూట నాకు కనబడలేదు.

నీ చెయ్యి గురించి ఒక మాట. ఇన్నేండ్లుగా ప్రతి పొద్దునా నవ్వడం నీకొక ఉద్యోగమైంది. జ్వరమొచ్చినా నవ్వావు. మీ అమ్మ కర్మకాండ అయిన మర్నాడే గల్లా దగ్గర కూర్చొని నవ్వావు, నేను చూశాను, 'ఎంత ధైర్యమో' అనుకొని మురిసిపోయాను కూడా. జబ్బుకు అదే కారణమని అనను. డాక్టరే తేల్చనిది నేనెట్లా తేలుస్తాను? కానీ ఆ నవ్వుతో మేమందరం బోణీ చేసుకున్నాం. ఎవరమూ నీకు సెలవివ్వలేదు.

ఆ రోజు అన్న నన్ను బస్సెక్కించడానికి వచ్చాడు. బస్సు బోర్డులే చదువుతూ నిలబడ్డాడు. నేనెక్కి కూర్చున్నాక కిటికీ దగ్గరికి వచ్చి, "బోణీ లేకున్నా దుకాణం నడుస్తది గదనే. ఆమె లేకుంటె నేను నడుస్తనా?" అని, జవాబు వినకుండానే వెళ్లిపోయాడు. నీకు చెప్పమనలేదు. చెప్పొద్దనీ అనలేదు.

చివరికి ఒకటి. నీ కోపం రెండు పేజీల నిండా ఉంది. తిట్లు వరసగా, తడబడకుండా ఉన్నాయి. పైన చూశాను. 'పొద్దున' అని ఉంది.

నాకు దాని అర్థం తెలియదు. మంచి గుర్తేనని ఆశపడటానికి కూడా భయంగా ఉంది. తిట్టాలనిపిస్తే మళ్లీ రాయి. ఏ వేళయినా సరే. పొద్దునయితే ఇంకా మంచిది.

లత


వరంగల్, ఫిబ్రవరి.
పొద్దున, చాయ్ తాగినంక.

లతా,

ఫోన్ల మాట్లాడుతనే ఉన్నం గని కొన్ని ఫోన్ల చెప్పవశం కాదు. ఇంక స్పీకర్ ఉండనే ఉన్నది.

ముందు దవాఖాన వార్తలు. థైరాయిడ్ కొంచెం తేడా ఉన్నదన్నరు, దానికొక గోళీ. అదే కారణమా అని మీ అన్న ఎగిరి గంతేసినంత పని చేసిండు. మనిషికి ఒక్క పేరు దొరికితే ఎంత ధైర్యమో. డాక్టరమ్మ, "అది కూడ ఉన్నది, అదొక్కటే కాదు, ఆ మందు ఈ మందు రెండూ నడవాలె" అన్నది. వారానికోసారి ఆమె దగ్గర కూసొని మాట్లాడి వస్తాన. పొద్దున పోతానం. ఆ రోజు దుకాణం ఆలస్యంగ తీస్తడు. ఇప్పుడు ఎవరూ దండ పట్టుకొని వస్తలేరు, అలవాటైంది.

పూర్తిగ బాగైందని రాస్తే నువ్వు నమ్మవు, నేను రాయను. పోయిన వారం మళ్ల లేవలేకపోయిన. వరుసగ. మందు పనిచేస్తలేదా, నేనే కావాలని పంటున్ననా అని నా మీద నాకే అనుమానం. ఇవన్నీ డాక్టరమ్మకు చెప్పిన. ఇదేమన్న పాస్ కావాల్సిన పరీక్షనా అని నవ్వి, మందు జర మార్చింది.

అత్తమ్మ సంగతి రాయాలె. నాటకాల కంపెనీ అన్న మనిషి ఇప్పుడు నాటకం చూసెటందుకు ముందు కుర్చీల కూసుంటాంది. కన్ను తెరిస్తే మంచం పక్కన ఆమె. చెయ్యి పట్టి గుంజదు, లెవ్వు అనదు. బస్తా అన్న మాట నేను డాక్టరమ్మకు చెప్పంగ ఒకనాడు వెంట వచ్చి విన్నది, దాన్నే కొలత చేసుకున్నది.

"ఇయ్యాల బస్తనా, సంచా?"

"బస్త."

"సరే పండు. చాయ్ ఇక్కడికే తెస్త."

ఇంకోనాడు, "సంచే అత్తమ్మా" అంటే, "ఐతే పట్టుకొని నడు" అని ముందటి మెట్ల మీదికి తోల్కపోయి ఎండల కూసోబెడుతది. రాత్రే చీర తీసి కుర్చీ మీద పెడుతది, బ్రష్ మీద పేస్టు కూడ పెట్టింది ఒకనాడు, ఎండి గట్టివడ్డది. ఒకమాట క్షమించమని అడిగిందా అంటే అడుగలేదు. ఆమె అసుంటి మనిషి కాదు, నీకు ఎరుకే.

బోణీ ఇప్పుడు మీ అన్ననే చేసుకుంటాండు. నవ్వకుంటనే. బేరాలు అవుతనే ఉన్నయి. అది చూసి మొదట నా రొమ్ముల కలుక్కుమన్నది, ఇన్నేండ్లు నేను చేసిందేంది మరి అని. తర్వాత నిద్ర మంచిగ పట్టింది. రెండూ నిజమే.

వెంకట్రాజం మామ మొన్న పొద్దుగూకంగ మెట్ల కాడ నసుగుకుంట నిలబడ్డడు.

"ఏంది మామా?"

"ఒక్క రూపాయి ఇయ్యి తల్లీ."

"పొద్దుగూకంగ బోణీ ఏందే?"

"రేపటిది. నీకు పొద్దున తీరదు గద. రాత్రంత దిండు కింద పెట్టుకుంట, ఏమైతది?"

"చావాలనుకున్న చెయ్యి మామా ఇది" అన్న. ఉన్నదున్నట్టు. ఆయన చెయ్యి చాపిండు. "ఇయ్యాల ఉన్నది గద. ఇయ్యి" అన్నడు. ఇచ్చిన. నవ్వలేదు. ఆయన అది చూసుకోను కూడ లేదు.

ఇగ, ఈ ఉత్తరం దేని కోసం మొదలుపెట్టిన్నో అది. ఇయ్యాల్టి మాటే.

అత్తమ్మ అడిగింది, బస్తనా సంచా అని. సంచే అన్న. మెట్ల మీద ఎండల కూసున్నం. కూసున్నంక ఆమె నడుముకున్న తాళంచెవి ఊడదీసి నా చేతిల పెట్టింది.

"ఎండలొచ్చినయ్. డాబా మీద మిరపకాయలు ఆరబొయ్యాలె. తాళం నువ్వే తియ్యి."

ఆమె మొహం నా దిక్కు లేదు, బజారు దిక్కున్నది. డాక్టరమ్మను అడిగే ఇచ్చిందో, ఆమెకే తోచిందో తెల్వదు. నన్ను నమ్ముతాన అని ఆమె చెప్పే తీరు అదనుకుంట.

సాయంత్రమైతే తీసుకొనేదాన్ని లతా. జోకు కూడ వేసి, మెట్లెక్కి పోయేదాన్ని. పొద్దున గనుక అబద్ధమాడే ఓపిక లేదు. చేతిల అది చల్లగ, చిన్నగ ఉన్నది. పైకి చూసిన. మళ్ల దాన్ని చూసిన.

"ఇప్పుడే వద్దత్తమ్మా. ఇంకొన్నొద్దులు నీ దగ్గర్నే ఉండనియ్యి. నేనే అడుగుత."

ఆమె తాళంచెవి నా చేతిలకెల్లి తీసుకొని, రెండు కండ్లకు అద్దుకొని, నడుముకు కట్టుకున్నది.

కింద మీ అన్న షట్టర్ లేపుతాండు.

యమున